టాంజనైట్: పురాణం లేని రత్నం

నవరత్నాల్లో దీనికి చోటు లేదు. 1967 దాకా దీన్ని రత్నంగా ఎరిగినవాళ్లే లేరు. టాంజానియాలో కిలిమంజారోకు దాపున, మెరెలానీ కొండల్లో కొద్ది కిలోమీటర్ల మేరే టాంజనైట్ గనులున్నాయి.

జోయిసైట్ అనే ఖనిజంలో వెనేడియం చేరితే పుట్టే రంగు ఇది. ముడిరాయిని వేళ్ల మధ్య తిప్పి చూడండి: ఒకవైపు నీలం, ఇంకోవైపు ఊదా, మరోవైపు ఎర్రటి గోధుమ ఛాయ. సానపట్టేవాడికి చిక్కంతా ఇక్కడే. నీలం పైకి తేలేలా కోస్తే తరుగు ఎక్కువ, ఊదాతో సరిపెట్టుకుంటే బరువు మిగులుతుంది. అంగట్లో ఉన్నవి చాలామటుకు గనిలోంచి గోధుమరంగులో వచ్చి, కొలిమిలో 500-600 డిగ్రీల వేడి తగిలాక నీలమైనవే.

పిడుగు పడి గడ్డి అంటుకుందనీ, మంటలారాక పశువులు కాసుకునే మాసాయిలకు నీలిరాళ్లు దొరికాయనీ ఒక కథ. వేడికి రంగు మారే రాయికి ఇంతకన్నా అతికే కథ ఉండదు. నా అనుమానమూ అందుకే.

అసలు తగాదా ఎవరు కనిపెట్టారన్నది. 1967లో తవ్వకం హక్కు నమోదు చేయించుకున్న మాన్యుయెల్ డిసౌజా గోవా మూలాలున్న దర్జీ. రాళ్లవేట ఆయన పిచ్చి. రెండేళ్లకే రోడ్డు ప్రమాదంలో పోయాడు. టాంజానియా ప్రభుత్వం మాత్రం ఆ ఘనతను జుమానె న్గోమా అనే స్థానికుడికి కట్టబెట్టింది. 1984లో ధ్రువపత్రం, 2018లో 10 కోట్ల షిల్లింగులు ఇచ్చింది.

పేరు పెట్టిందేమో న్యూయార్క్ నగల సంస్థ టిఫనీ, 1968లో. 2002లో అమెరికా రత్నవ్యాపారుల సంఘం దీన్ని డిసెంబరు జన్మరత్నాల్లో చేర్చింది. తరతరాల నమ్మకం చేయాల్సిన పనిని ఒక్క తీర్మానం చేసిపెట్టింది!

దొంగరవాణా ఆపడానికి 2018లో గనుల చుట్టూ 24 కిలోమీటర్ల గోడ లేచింది. 2020 జూన్‌లో సనినియు లైజర్ అనే చిన్న గనిదారు 9.27, 5.1 కిలోల రాళ్లు రెండు తెస్తే, ప్రభుత్వమే 774 కోట్ల షిల్లింగులిచ్చి కొన్నది.

శనికి నీలం బదులు ఇది పనికొస్తుందా అన్నది జ్యోతిష్కులు తేల్చుకోవాలి. కాఠిన్యంలో నీలం 9, ఇది 6-7. రోజూ గిన్నెలకూ గోడలకూ తగిలే ఉంగరంలో కన్నా దిద్దుల్లో పొదిగించుకోవడం మేలు.