వెనక్కి తిరిగిన స్కూప్

1974 మోడల్ పాంటియాక్ జీటీఓ అనే అమెరికన్ కారు హుడ్ (బానెట్) మీద ఒక స్కూప్ ఉంటుంది. గాలి పీల్చుకోవడానికి రేకును చీల్చుకుని పైకి లేచిన ముక్కు అది. ఇంజనుకే బిగించి ఉంటుంది కనుక ఇంజను వణికినప్పుడల్లా తనూ వణుకుతుంది. కానీ ఆ ముక్కు దారి వైపు చూడదు. వెనక్కి తిరిగి, అద్దం వైపు, అద్దం వెనక కూర్చున్న మనిషి వైపు చూస్తుంది. ఇంజనీర్లు దానికి కారణం చెబుతారు, ఆ కారణం సరైనదే. పరుగెత్తే కారు ముందుటద్దం మొదట్లో గాలి వచ్చి పోగుపడుతుంది, అక్కణ్ణుంచి లాక్కుంటే ఇంజనుకు చల్లని గాలి బాగా అందుతుంది. అది తెలిసి కూడా, ఆ కారు బొమ్మ చూసిన ప్రతిసారీ నా మనసు బరువెక్కుతుంది. ఆ ఏడుతోనే జీటీఓ ఆగిపోయింది. ఇల్లు విడిచి వెళ్లేవాళ్లు గుమ్మం దాటాక ఒక్కసారి ఆగి వెనక్కి తిరిగి చూస్తారే, ఆ స్కూప్ నాకు అలాగే కనిపిస్తుంది.

పదకొండేళ్ల బతుకు అది. ఎలా ముగిసిందో అందరికీ తెలుసు. తెలిసిన కథే, అయినా చెప్పుకోవాలనిపిస్తుంది.

1963 జనవరిలో జనరల్ మోటార్స్ పెద్దలు తమ కంపెనీలన్నిటికీ ఒక ఆజ్ఞ పంపారు: ఇకమీదట కార్ల పందేల జోలికి పోవద్దని. వాటిలో ఒకటైన పాంటియాక్ పేరు నిలబడిందే పందేల మీద. చేప బతికే నీరు తోడేసినట్టయింది. సరిగ్గా అప్పుడు మిషిగన్‌లోని మిల్‌ఫర్డ్ పరీక్షా మైదానంలో, లిఫ్టు మీదికి ఎత్తిన ఒక పాంటియాక్ టెంపెస్ట్ కారు కింద ముగ్గురు నిలబడి తలలెత్తి చూస్తున్నారు. చీఫ్ ఇంజనీరు జాన్ డెలోరియన్, ఆయన పక్కన ఇంజనీర్లు బిల్ కాలిన్స్, రస్ జీ. పెద్ద కార్లలో వాడే 389 ఘనపు అంగుళాల ఇంజను కూడా ఇవే మౌంట్ల మీద కూర్చుంటుంది కదా అన్నాడు కాలిన్స్. ముగ్గురూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

మధ్యరకం కారులో 330 అంగుళాలకు మించిన ఇంజను పెట్టకూడదని కంపెనీ నియమం. అందుకని కొత్త కారు అనలేదు. టెంపెస్ట్ లెమాన్స్ కొనేవాళ్లు అదనపు డబ్బు కట్టి తీసుకునే జీటీఓ ఆప్షన్ అన్నారు. ఆప్షన్‌కి పైవాళ్ల అనుమతి అక్కర్లేదు. పాంటియాక్ అధిపతి పీట్ ఎస్టెస్ ఒప్పుకున్నాడు, మొదట అయిదు వేల కార్లు చాలనుకున్నారు. ఆ మొదటి ఏడు, 1964 మోడల్ కింద, 32,450 అమ్ముడుపోయాయి. మామూలుగా 325 హార్స్‌పవర్, మూడు కార్బురేటర్ల ట్రై-పవర్ తీసుకుంటే 348. ఇరవై ఏళ్ల కుర్రవాడు నెలనెలా వాయిదాలు కట్టి కొనుక్కోగల ఉరుము అది.

ఆ ఉరుము నెత్తిన రెండు స్కూపులు పెట్టారు. రెండూ అబద్ధం. అచ్చు ముక్కులాగే ఉంటాయి గాని రంధ్రం లేదు. కింద రేకు రేకులాగే మూసుకుని ఉంది. ఇంజను మాత్రం తను మరగబెట్టిన వేడి గాలినే మళ్లీ మళ్లీ పీల్చుకుంటూ ఆ ఇరుకులో కొట్టుకునేది. ఇంత గొప్ప గుండెను తయారుచేసినవాళ్లు దానికి ఊపిరి మాత్రం బొమ్మగా గీసి వదిలేశారు. ఈ కథలోని విషాదమంతా ఆ మూసిన రేకు కిందే దాగి ఉందనిపిస్తుంది నాకు.

1965 మోడల్‌కి హుడ్ నడిమధ్య ఒకే స్కూప్ వచ్చింది, అదీ మూసి ఉన్నదే. అయితే ఆ ఏడు వేసవి చివర పాంటియాక్ డీలర్ల దగ్గర విడి భాగాలుగా ఒక పొట్లం అమ్మకానికి వచ్చింది. కార్బురేటర్ల చుట్టూ అమరే ఒక రేకు పళ్లెం, దాని అంచున మెత్తని ఫోమ్ చుట్ట. హుడ్ దించితే ఆ ఫోమ్ హుడ్ అడుగుకు అతుక్కుంటుంది, లోపలి వేడి గాలి లోపలే ఉండిపోతుంది, బయటి చల్లగాలి నేరుగా ఇంజను గొంతులో పడుతుంది. చల్లగాలి చిక్కగా ఉంటుంది, ఎక్కువ ప్రాణవాయువు మోసుకొస్తుంది. ఒక్కటే మెలిక. మూసి ఉన్న స్కూప్ నోరు కొన్నవాళ్లే కోసి తెరుచుకోవాలి.

ఇక్కడ కాసేపు ఆగాలని ఉంది. డెట్రాయిట్ నుంచి పాంటియాక్ పట్టణం దాకా సాగే ఉడ్‌వర్డ్ అవెన్యూకి అటూ ఇటూ ఉన్న ఇళ్ల గ్యారేజీలను ఊహించుకోండి. రాత్రి భోజనాలయ్యాక ఒక బల్బు వెలుగుతుంది. ఇంకా వాయిదాలు తీరని కొత్త కారు ముందు ఒక కుర్రవాడు నిలబడి ఉంటాడు. మెరిసే రంగు మీద కాగితం టేపు అంటించి, దాని మీద పెన్సిలుతో గీత గీస్తాడు. హుడ్ ఎత్తి అడుగున బలానికి వేసిన పక్కటెముకలు ఎక్కడున్నాయో వేళ్లతో తడిమి చూస్తాడు. గీతను కాస్త జరుపుతాడు. ఎయిర్ క్లీనర్ మీద మెత్తటి బంకమట్టి ముద్ద పెట్టి, హుడ్ మెల్లగా దించి, మళ్లీ ఎత్తి, నలిగిన ముద్ద మందం కొలుస్తాడు. ఎంత ఖాళీ ఉందో మట్టే చెబుతుంది. మూలల్లో ముందు డ్రిల్లుతో గుండ్రని చిల్లులు వేస్తాడు, లేకపోతే రేకు మూలనుంచి చిరుగుతూ పోతుంది. ఆ తర్వాత రంపం.

ఇంట్లో స్కూప్ బిగించుకున్నవాళ్లను ఎవరినైనా అడగండి, అన్నిటికంటే కష్టం మొదటి కోత అంటారు. నాన్న నిద్రపోతుంటాడు. కోస్తే మళ్లీ అతకదు. చెయ్యి వణికితే ఆ వణుకు ఉన్నన్నాళ్లూ రేకు మీద ఉండిపోతుంది. కోత అయ్యాక అంచును ఆకురాయితో నున్నగా రాయాలి, బోసి ఇనుముకు అదే రాత్రి ప్రైమర్ పూయాలి, తెల్లారేదాకా ఉంచితే తుప్పు మొదలవుతుంది. స్కూప్‌నే కొత్తగా అతికించేవాళ్లయితే రివిట్లు కొట్టి, లప్పం పలచగా పొర మీద పొరగా పెట్టి, ఉప్పు కాగితంతో రుద్దీ రుద్దీ అతుకు కనపడకుండా చేస్తారు. మందంగా పెడితే ఎండకీ ఇంజను వేడికీ పగులుతుంది. తొందరపడిన చేతిని రేకు మరిచిపోదు.

నిజం చెప్పాలంటే 1965 స్కూప్ హుడ్‌కి బాగా దగ్గరగా ఉంది. ఎదురుగాలి అందులోకి విరుచుకుపడి బలం పెంచిందేమీ లేదు. దొరికింది చల్లగాలి, దాంతోపాటు ఇంకొకటి: తెరిచిన నోట్లోంచి ఇంజను గొంతు బయటికి వచ్చింది. ఆ రాత్రి గ్యారేజీలో తాళం తిప్పినప్పుడు ఆ కుర్రవాడు మొదటిసారి తన కారు మాట విన్నాడు. కంపెనీ అబద్ధంగా చేసినదాన్ని అతని చేతులు నిజం చేశాయి.

1966లో 96,946 జీటీఓలు అమ్ముడుపోయాయి. కొండకొస. అక్కడినుంచి ఏ దారైనా కిందికే.

దారి మారే అవకాశాలు రాకపోలేదు. అదే 1966లో డెలోరియన్ బృందం టెంపెస్ట్‌లో ఓవర్‌హెడ్ క్యామ్ ఉన్న ఆరు సిలిండర్ల ఇంజను పెట్టింది. అమెరికన్ కారులో అప్పటికి అరుదైన పనితనం. నాలుగు నోళ్ల కార్బురేటర్‌తో 207 హార్స్‌పవర్ ఇచ్చేది. పెట్రోలు ప్రియమయ్యే రోజులు వస్తే ఆ చిన్న ఇంజను చేతికర్రలా ఆదుకునేది. ఎవరూ దాన్ని పట్టించుకోలేదు. పెద్ద ఇంజను పక్కన అది చిన్నబోయింది. 1969 తర్వాత తీసేశారు. నాలుగేళ్లు ఓపిక పడితే చాలు, ఆ ఇంజను కాలం వచ్చేది. ఆ నాలుగేళ్లు ఎవరికీ లేకపోయాయి.

1967 మోడల్‌కి ట్రై-పవర్ పోయింది, ఒకటికి మించి కార్బురేటర్లు పెట్టొద్దని పైనుంచి ఉత్తరువు. 1969లో, స్కూప్ గాలిని నేరుగా ఇంజనుకు అందించే రామ్ ఎయిర్ ఉన్న కార్లకు డాష్‌బోర్డు కింద ఒక మీట ఇచ్చారు. దానితో డ్రైవరు కూర్చున్న చోటినుంచే స్కూపుల తలుపులు తెరవొచ్చు, వాన పడితే మూయొచ్చు. ఊపిరి మీద మనిషికి అంత అధికారం దొరికిన ఏడు అది.

అదే ఏడు ది జడ్జ్ అనే జీటీఓ వచ్చింది. ప్లిమత్ రోడ్ రన్నర్ అనే చవక కారు కుర్రాళ్లను ఎగరేసుకుపోతుంటే, దానికి జవాబుగా ఇంకా చవకగా ఒకటి చేద్దామని మొదలుపెట్టిన ఆలోచన. చిన్నదైన 350 ఇంజను పెడదామన్న మాట వచ్చినప్పుడు, జీటీఓలో 350 అడుగు పెట్టదని డెలోరియన్ పట్టుబట్టాడని ఆనాటివాళ్లు చెబుతారు. అభిమానమే, కాదనను. కానీ చివరికి తయారైన జడ్జ్ మామూలు జీటీఓ కంటే 332 డాలర్లు ఎక్కువైంది. వెనక రెక్క, పక్కన రంగురంగుల చారలు, నారింజ పండులాంటి ఎరుపు. చవక కారు కావలసింది పండగ రథమై కూర్చుంది. ఎవరి కోసం పుట్టిందో ఆ కుర్రాళ్ల జేబులు దాన్ని చేరలేకపోయాయి. వాళ్లలో కొందరికి అప్పటికే సైన్యం పిలుపు వచ్చింది. కొన్ని గ్యారేజీల్లో కోసిన హుడ్లున్న కార్లు మాత్రం మిగిలాయి.

తర్వాతదంతా వేగంగా జరిగిపోయింది. బీమా కంపెనీలు ఇలాంటి కార్లకు, కుర్ర డ్రైవర్లకు ప్రీమియం పెంచుకుంటూ పోయాయి. 1970 చివర గాలి కాలుష్యం మీద చట్టం వచ్చింది. సీసం లేని పెట్రోలుకు సరిపడేలా 1971లో ఇంజన్ల కంప్రెషన్ తగ్గించారు. ఆ చట్టాన్ని నేను తప్పుపట్టను. పిల్లలు పీల్చే గాలి ముందు ఏ కారూ గొప్పది కాదు. నా బాధల్లా, వచ్చేది తుఫాననీ, అది రెండు మూడేళ్ల ముందునుంచే ఉరుముతోందనీ తెలిసి కూడా చేతిలో ఉన్న చిన్న ఇంజనును పారేసుకున్నందుకు. 1970లో 40,149 కార్లు. 1971లో 10,532. అంకెలు కూడా మెట్లు దిగినట్టు దిగలేదు, జారిపడ్డాయి.

1973లో హుడ్ మీద రెండు చక్కటి గుంటలు పెట్టారు, విమానాల మీద ఉండే గాలి గుంటల నమూనాలో. కొన్నవాళ్లకు అవి అలంకారంగానే మిగిలాయి. తొమ్మిదేళ్ల తర్వాత మళ్లీ అదే అబద్ధం. ఆ ఏడు 4,806 అమ్ముడుపోయాయి. అక్టోబరులో అరబ్ దేశాలు చమురు ఆపేశాయి, పెట్రోలు బంకుల ముందు కార్లు బారులు తీరాయి.

1974 జీటీఓను చిన్న వెంచురా కారు మీద కట్టారు. లోపల 350 ఇంజను. అవును, అడుగు పెట్టదన్న ఆ 350యే. 200 హార్స్‌పవర్. అప్పటికి లెక్కలు కట్టే పద్ధతి మారింది కనుక పాత 348 పక్కన పెట్టి పోల్చడం న్యాయం కాదు, అయినా మనసు పోల్చకుండా ఊరుకోదు. హుడ్ మీద వెనక్కి తిరిగిన ఆ స్కూప్ మాత్రం నిజమైనదే. యాక్సిలరేటర్ గట్టిగా తొక్కితే తెరుచుకుని గాలి పీల్చేది. ప్రాణం పోయే ముందు కంపెనీ తన చేతులతో తెరిచింది. 7,058 కార్లు, అంతే.

మూడు దశాబ్దాల తర్వాత, 2004లో, ఆస్ట్రేలియా నుంచి హోల్డెన్ మొనారోను తెప్పించి దానికి జీటీఓ పేరు పెట్టారు. 350 హార్స్‌పవర్ ఉంది. హుడ్ మాత్రం నున్నగా ఉంది. ముఖంలో కళ లేదని జనం పెదవి విరిచారు. 2005లో రెండు స్కూపులు పెట్టారు. ఆలస్యమైపోయింది. 2006తో అదీ ఆగింది. ముందటేడే, 2005 మార్చిలో, డెలోరియన్ కన్నుమూశాడు. జనరల్ మోటార్స్ వదిలి సొంత కంపెనీ పెట్టి, దాన్నీ పోగొట్టుకుని, మాదకద్రవ్యాల కేసులో అరెస్టయి నిర్దోషిగా బయటపడి, చాలా దూరం నడిచి అలసిన మనిషి.

2009 ఏప్రిల్‌లో పాంటియాక్ పేరునే ముగిస్తున్నట్టు జనరల్ మోటార్స్ ప్రకటించింది. ఆ నవంబరులో ఓరియన్ టౌన్‌షిప్ ఫ్యాక్టరీలో చివరి పాంటియాక్, ఒక తెల్లని జీ6 కారు, లైను దిగింది. 2010 అక్టోబరు 31తో డీలర్ల ఒప్పందాలు ముగిశాయి.

డెట్రాయిట్ చుట్టుపక్కల ఇప్పుడు మన తెలుగువాళ్లు చాలామంది ఉన్నారు, అక్కడి కార్ల కంపెనీల్లోనే పనిచేస్తున్నవాళ్లూ ఉన్నారు. ఏటా ఆగస్టు మూడో శనివారం ఉడ్‌వర్డ్ మీద పాత కార్లన్నీ వరసకట్టి తిరుగుతాయి. మీరు వెళితే, పిల్లల్ని తీసుకుని వెళితే, ఏ ముసలాయన కుర్చీ పక్కనో ఒక 1965 జీటీఓ ఆగి ఉండవచ్చు. దాని స్కూప్ అంచు దగ్గరగా చూడండి. కోత ఒకచోట కాస్త వంకరగా పోయి ఉంటే, ఎవరు కోశారని ఆయన్ని అడగండి. చెప్పనివ్వండి, తొందరపెట్టకండి.