ఠాణా పుస్తకమును కంప్యూటరును

తాండవనది కీవల పాయకరావుపేట, ఆవల తుని. ఈ యొడ్డువారు రైలెక్కవలెనన్న ఆ యొడ్డునకే పోవలయును. బేరములు నొకటే, బంధుత్వములు నొకటే. జిల్లాలు మాత్రము వేఱు. 2022 ఏప్రిలు 4 నుండి పాయకరావుపేట అనకాపల్లి జిల్లాలోనిది, తుని కాకినాడ జిల్లాలోనిది. దొంగ వంతెన దాటునపుడు జిల్లా నడుగడు; ఠాణా పుస్తకము మాత్రము వంతెనకడనే నిలిచిపోవుచుండెను. చిన్న ఠాణాకు కంప్యూటరేల యని యడుగువారికి ఇదియే మా మొదటి సమాధానము.

ఆ పుస్తకమునకు పెద్ద చరిత్ర కలదు. నేరమును తెలుపవచ్చినవాని మాటను వ్రాసి, అతనికి చదివి వినిపించి, సంతకము చేయింపవలెనని 1898 నాటి క్రిమినల్ ప్రొసీజరు కోడు విధించెను. ఈ వ్రాతనే మనము ఎఫ్.ఐ.ఆర్. అనుచున్నాము. దాని ప్రతిని ఫిర్యాదికి ఉచితముగా నీయవలెనని 1973 కోడు చేర్చెను. అయినను కలము ఠాణావారి చేతిలోనిది. “ఇది మా హద్దు కాదు” అని బీదవానిని త్రిప్పిపంపినచో, ఆ సంగతి యే పుస్తకమునను కానరాదు.

2004-05లో కేంద్రప్రభుత్వము ‘సిపా’ యను కంప్యూటరు పద్ధతిని ఠాణాలయందు ప్రవేశపెట్టెను. నేషనల్ ఇన్ఫర్మాటిక్స్ సెంటరువారు దానిని లైసెన్సు రుసుము లేని లినక్సు, పోస్ట్‌గ్రెస్ సాధనములపై నిర్మించిరి. ఖరీదైన సాఫ్టువేరు లేకయే ఠాణా పని సాగునని దీనివలన తేలినది. కాని యే ఠాణా లెక్క ఆ ఠాణాలోనే యుండిపోయెను. ఈ కొఱత తీర్చుటకై, 2008 ముంబయి దాడుల పిమ్మట, 2009లో 2,000 కోట్ల రూపాయలతో సి.సి.టి.ఎన్.ఎస్. పథకము మంజూరయ్యెను. దేశమందలి ఠాణాలనన్నిటిని కలుపుటయే దాని యుద్దేశము.

యంత్రమునకు చట్టమును తోడయ్యెను. వారంటు లేకయే పట్టుకొనదగు నేరమైనచో ఫిర్యాదును నమోదు చేసితీరవలెనని 2013లో లలితకుమారి కేసున సుప్రీముకోర్టు తీర్పు చెప్పెను. గోప్యముగా నుంచదగినవి తప్ప తక్కిన ఎఫ్.ఐ.ఆర్.లను 24 గంటలలో వెబ్‌సైటునం దుంచవలెనని 2016లో ఆజ్ఞాపించెను. ఇంటర్నెట్టు సరిగా నందని చోట్లకు గరిష్ఠముగా 72 గంటల గడువిచ్చెను. 2024 జూలై 1న అమలులోనికి వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహిత, నేర మెచ్చట జరిగినను ఏ ఠాణాయందైనను ఫిర్యాదు చేయవచ్చునని స్పష్టపఱచెను. కావున తాండవ యిక హద్దని చెప్ప వీలులేదు.

యంత్రము వచ్చినంతనే న్యాయము చేకూరదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను విశాఖతీరమును తాకినపుడు కరెంటును ఫోనులును దినములకొలది నిలిచిపోయినవి. కనుక చిన్న ఠాణాకు మేము కోరునవి కొలదియే: ఒక మంచి కంప్యూటరు, రుసుము లేని సాఫ్టువేరు, ఒక ఇన్వర్టరు, ఆపదకొక కాగితపు పుస్తకము, పని నేర్చిన యిద్దఱు కానిస్టేబుళ్లు. వారిలో నొకరు స్త్రీయైన మఱియు మేలు.

పాఠకులు చేయవలసినదియు నొకటి కలదు. ఫిర్యాదు నమోదైన పిమ్మట దాని ప్రతిని అడిగి పుచ్చుకొనుడు. ఇంటిలోని స్త్రీలును, పనివారును ఈ హక్కు నెఱుంగునట్లు చేయుడు. అడుగువారున్నప్పుడే ఠాణాలోని యంత్రము ప్రజలకు పనికివచ్చును.