తుపాకి ఎవరిది? తూటా ఎవరిది?: ఆంధ్రదేశంలో ఆయుధ యాజమాన్య చరిత్ర, రిమ్‌ఫైర్ రైఫిల్ నేపథ్యంలో ఒక పరిశీలన

వ్యాససంగ్రహం:

తుపాకి యాజమాన్యాన్ని గురించిన చర్చ సాధారణంగా ఆయుధం చుట్టూ తిరుగుతుంది. ఆయుధానికి ప్రాణం పోసేది తూటా. తూటా ఎక్కడ తయారవుతుంది, ఎవరి ద్వారా అందుతుంది, ఎన్ని దొరుకుతాయి అన్న అంశాలే నిజమైన యాజమాన్యాన్ని నిర్ణయించాయని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. 1878 ఆయుధ చట్టం, 1922-24 మన్యం పోరాటం, 1959 ఆయుధ చట్టం, 2016 ఆయుధ నియమావళి అనే నాలుగు దశలను ఆధారం చేసుకొని, .22 రిమ్‌ఫైర్ సెమీ ఆటోమేటిక్ రైఫిల్ మన చట్టంలో ఏ మెట్టుమీద నిలిచిందో, ఎందుకు నిలిచిందో వివరించడం ఈ వ్యాస లక్ష్యం.

కీలకపదాలు: తుపాకి, తూటా, నాటు తుపాకి, రిమ్‌ఫైర్, సెమీ ఆటోమేటిక్, ఆయుధ చట్టం, మన్యం పోరాటం, పిట్టలదొర.

1. ఉపోద్ఘాతం:

అనకాపల్లి జిల్లా దేవరాపల్లి మండలం మైదానానికీ మన్యానికీ మధ్య గడపలాంటిది. శారదా నదిపై నిర్మించిన రైవాడ జలాశయం ఈ మండలంలోనే ఉంది. దానికి ఎగువన అనంతగిరి కొండలు మొదలవుతాయి. ఇటువంటి కొండవార ప్రాంతాలలో తుపాకికి రెండు ముఖాలున్నాయి. చెరకుతోటపై పడే అడవిపందిని బెదిరించే పనిముట్టు ఒకటి. రాజ్యం అనుమానంతో చూసే ఆయుధం మరొకటి. ఒకే వస్తువు ఒకరి చేతిలో పనిముట్టుగా, మరొకరి చేతిలో నేరానికి సాక్ష్యంగా ఎలా మారుతుందన్నది చరిత్ర చెప్పవలసిన విషయం.

అమెరికా వంటి దేశాలలో .22 రిమ్‌ఫైర్ సెమీ ఆటోమేటిక్ రైఫిల్ పల్లెటూరి ఇంట్లో కనిపించే మామూలు వస్తువు. అదే రైఫిల్ మన దేశంలో సామాన్యునికి దాదాపు అందని వస్తువు. ఈ తేడాకు కారణం యంత్ర నిర్మాణంలో కొంత ఉంది, చరిత్రలో ఎక్కువగా ఉంది.

2. మాటలు చెప్పే చరిత్ర:

'తుపాకి' తుర్కీ, పారసీక భాషల మీదుగా మనకు చేరిన మాట. 'తూటా' హిందుస్థానీ నుంచి వచ్చింది. 'రైఫిల్', 'లైసెన్సు' ఇంగ్లీషువి. అయితే పాతకాలపు తుపాకి కడుపు నింపే వాటిని మాత్రం 'మందు', 'గుండు' అని మన మాటలతోనే పిలుచుకున్నాం. ఇది యాదృచ్ఛికం కాకపోవచ్చు. గొట్టం మూతివైపు నుంచి దట్టించే నాటు తుపాకికి కావలసిన మందును సురేకారం, గంధకం, బొగ్గు కలిపి ఊరిలోనే నూరుకోవచ్చు. సీసం కరిగించి గుండు పోసుకోవచ్చు. లోహపు తూటా అలాంటిది కాదు. అది కర్మాగారంలో పుట్టి, దుకాణంలో అమ్ముడై, లెక్క పుస్తకంలోకి ఎక్కే సరుకు. మందు, గుండు ఇంటివి. తూటా బయటిది.

జానపద కళలోనూ ఈ భేదం తొంగిచూస్తుంది. పాత ఖాకీ దుస్తులు, టోపీ, చేతిలో కట్టె తుపాకితో కోతలు కోసే పిట్టలదొరను కొన్నిచోట్ల 'తుపాకి రాముడు' అని కూడా పిలుస్తారు. ఆ తుపాకి ఎన్నడూ పేలదు. దర్పం నిండా ఉంది, తూటా మాత్రం లేదు. దొరతనాన్ని వెక్కిరించడానికి జానపదుడు పేలని తుపాకినే ఎంచుకోవడంలో లోతైన వ్యంగ్యం ఉంది.

3. 1878 చట్టం – నిరాయుధీకరణ:

1857 తిరుగుబాటుకు తక్షణ కారణాలలో ఎన్‌ఫీల్డ్ తుపాకి తూటాలకు పూసిన కొవ్వు ఒకటని అందరికీ తెలిసిందే. ఆ తిరుగుబాటు తర్వాత బ్రిటిష్ ప్రభుత్వం ఆయుధాలపై పట్టు బిగించింది. లిట్టన్ వైస్రాయిగా ఉన్న కాలంలో వచ్చిన 1878 ఆయుధ చట్టం లైసెన్సు లేకుండా ఆయుధం ధరించడాన్ని నేరం చేసింది. యూరోపియన్లకు మాత్రం దీని నుంచి మినహాయింపు లభించింది. కొడగు ప్రజలకూ ప్రత్యేక మినహాయింపు ఉంది. స్వాతంత్ర్యానంతరం కూడా అది కొనసాగింది. అంటే ఆయుధం ఎంత ప్రమాదకరమన్నది కాక, అది ఎవరి చేతిలో ఉందన్నది మొదటి ప్రశ్న అయింది.

ఆ మరుసటి ఏడాదే, 1879లో, గోదావరి ఏజెన్సీలో రంపా పితూరీ చెలరేగింది. ముఠాదారుల హక్కులు, కల్లు పన్ను వంటి సమస్యలు దానికి మూలం. పోలీసు ఠాణాలు దాని తొలి లక్ష్యాలయ్యాయి. ఠాణాపై దాడి అన్న ఈ పద్ధతి నలభై మూడేళ్ల తర్వాత మరింత స్పష్టమైన ప్రయోజనంతో మళ్లీ కనిపిస్తుంది.

4. చింతపల్లి లెక్క:

అల్లూరి సీతారామరాజు దళం 1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి ఠాణాలపై వరుసగా దాడి చేసింది. ఈ మూడు దాడులలో 26 తుపాకులు, సుమారు 2,500 తూటాలు దళానికి చిక్కాయి. తీసుకున్న ఆయుధాల వివరాలను ఠాణా పుస్తకంలో రాసి సంతకం చేయడం రాజు ప్రత్యేకత. ఈ ఘటనను సాహసగాథగా ఎందరో వర్ణించారు. ఇక్కడ గమనించవలసింది అంకెలను.

2,500 తూటాలను 26 తుపాకులకు పంచితే ఒక్కో తుపాకికి వంద కూడా రావు. గురి అభ్యాసానికి ఖర్చు చేసినా, పోరులో ఖర్చు చేసినా పోయినది తిరిగి రాదు. సెప్టెంబరు 24న దామనపల్లి ఘాట్ వద్ద స్కాట్ కవర్డ్, హైటర్ అనే ఇద్దరు అధికారులు మరణించారు. మన్యంలో దళం సాధించిన పెద్ద విజయం అది. అక్టోబరు 15న అడ్డతీగలపై, 19న రంపచోడవరంపై జరిగిన దాడులలో మాత్రం చింతపల్లిలో దొరికినట్లు ఆయుధాలు దొరకలేదు. పోరాటకారుల సరఫరా మార్గం తన ఠాణాల గుండానే సాగుతోందని ప్రభుత్వం అప్పటికే గ్రహించింది. డిసెంబరు 6న పెదగడ్డపాలెం వద్ద దళానికి తీవ్రనష్టం కలిగింది. ఆ తర్వాత అస్సాం రైఫిల్స్ మన్యంలోకి దిగింది. 1924 మే 7న రాజు మరణించాడు.

ఆధునిక తుపాకి చేతికి వచ్చినంత మాత్రాన అది సొంతం కాదని ఈ క్రమం చెబుతుంది. ఇంట నూరిన మందు ఆ తుపాకికి నేరుగా పనికిరాదు. ప్రభుత్వ తూటా తప్ప మరొకటి దానికి పడదు. శత్రువు తుపాకిని తీసుకున్నవాడు తూటా కోసం మళ్లీ శత్రువు దగ్గరకే వెళ్లక తప్పదు.

5. రిమ్‌ఫైర్ తూటా, సెమీ ఆటోమేటిక్ యంత్రం:

1922లోనే అమెరికాలో రెమింగ్టన్ సంస్థ మోడల్ 24 అనే .22 సెమీ ఆటోమేటిక్ రైఫిల్‌ను మార్కెట్టులోకి తెచ్చింది. దీనిని రూపొందించినవాడు జాన్ బ్రౌనింగ్. అంతకుముందే 1903లో వించెస్టర్ సంస్థ ఇటువంటి రైఫిల్‌ను అమ్మింది. 1964లో వచ్చిన రూగర్ 10/22 ఈ తరగతిలో ఎక్కువ ప్రచారం పొందింది.

రిమ్‌ఫైర్ అంటే అంచు దగ్గర పేలేది. ఇతర తూటాలకు అడుగున మధ్యలో పేలుడు టోపీ ఉంటుంది. రిమ్‌ఫైర్ తూటాలో పేలుడు రసాయనం అడుగు అంచు మడతలోనే ఉంటుంది. సుత్తి ఆ అంచును నలిపితే మందు అంటుకుంటుంది. ఫ్రాన్సులో ఫ్లోబెర్ 1845 ప్రాంతంలో దీనికి బీజం వేశాడు. 1857లో స్మిత్ అండ్ వెసన్ సంస్థ .22 షార్ట్ తూటాను తెచ్చింది. నేటికీ వాడుకలో ఉన్న .22 లాంగ్ రైఫిల్ తూటా 1887 నాటిది. దాని గుండు బరువు సాధారణంగా 40 గ్రెయిన్లు, అంటే సుమారు 2.6 గ్రాములు. చవక, తక్కువ శబ్దం, తక్కువ కుదుపు దీని గుణాలు. ఒకసారి పేలితే అంచు నలిగిపోతుంది కనుక ఖాళీ తొడుగును ఇంట్లో తిరిగి నింపుకోవడం సాధారణ వాడుకరికి సాధ్యం కాదు. పూర్తిగా కర్మాగారంపై ఆధారపడిన తూటా ఇది.

సెమీ ఆటోమేటిక్ రైఫిల్‌లో ఈ ఆధారపడటం ఇంకొక మెట్టు పెరుగుతుంది. తూటా పేలినప్పుడు పుట్టిన వాయుపీడనమే ఖాళీ తొడుగును వెనక్కి నెట్టి బోల్టును తెరుస్తుంది. స్ప్రింగు బోల్టును ముందుకు తోస్తూ మ్యాగజైన్ నుంచి తర్వాతి తూటాను లోపలికి ఎక్కిస్తుంది. ట్రిగ్గర్ నొక్కిన ప్రతిసారీ ఒక్కటే పేలుతుంది. తూటా బలహీనమైతే బోల్టు పూర్తిగా కదలదు, రైఫిల్ మొరాయిస్తుంది. చేత్తో బోల్టు లాగే రైఫిల్‌కు తూటా ఆహారం మాత్రమే. సెమీ ఆటోమేటిక్‌కు అది ఆహారమూ, చోదకశక్తీ కూడా.

6. రైఫిల్‌ను సిద్ధం చేసుకోవడం:

కొన్న రైఫిల్ కొన్నట్టుగా గురికి రాదు. కళాశాలల్లో ఎన్‌సీసీ శిక్షణలో .22 బోల్ట్ యాక్షన్ రైఫిల్ పట్టినవారికి ఇది పరిచితమే. ఒకే భంగిమలో, ఒకే బిందువును చూస్తూ కొన్ని గుళ్లు పేల్చి, అవి ఎంత దగ్గరగా పడ్డాయో మొదట చూస్తారు. ఆ తర్వాతే సైటును జరిపి, గుళ్ల గుంపును గురి బిందువు మీదికి తెస్తారు. గుంపు కుదరకముందే సైటు జరపడం వృథా ప్రయాస. దూరం మారితే గుండు పడే ఎత్తు మారుతుంది కనుక, ఏ దూరానికి సరిచేయాలో ముందే నిర్ణయించుకోవాలి. .22కు 50 మీటర్లు ఎక్కువమంది ఎంచుకునే దూరం. రిమ్‌ఫైర్ రైఫిళ్లలో ఒక విచిత్రం ఉంది. ఒకే నమూనాకు చెందిన రెండు రైఫిళ్లకు ఒకే రకం తూటా సమానంగా నప్పదు. క్రీడాకారులు అనేక రకాలను, ఒకే రకంలో వేర్వేరు లాట్లను పేల్చి చూసి తమ రైఫిల్‌కు సరిపడేది ఎంచుకుంటారు. సెమీ ఆటోమేటిక్‌కైతే గుంపుతో పాటు యంత్రం సాఫీగా తిరగడాన్నీ చూడాలి. మసి, మైనం పేరుకునే బోల్టు భాగాన్ని తరచుగా శుభ్రం చేయాలి.

ఈ పనులన్నింటికీ తూటాలు కావాలి. మన దేశంలో లైసెన్సు పుస్తకం ఒక సమయంలో ఎన్ని తూటాలు దగ్గర ఉంచుకోవచ్చో, ఏడాదికి ఎన్ని కొనవచ్చో నిర్దేశిస్తుంది. తుపాకిని తనదిగా తీర్చిదిద్దుకునే ప్రక్రియ కూడా ఆ అంకెకే కట్టుబడి ఉంటుంది.

7. చట్టం వేసిన మెట్లు:

1931 కరాచీ కాంగ్రెస్ తీర్మానం నిబంధనలకు లోబడి ఆయుధం ధరించే హక్కును పౌరహక్కులలో చేర్చింది. 1948 డిసెంబరులో రాజ్యాంగసభలో హెచ్.వి. కామత్ ఈ హక్కును ప్రస్తావించగా, అంబేద్కర్ అంగీకరించలేదు. ఫలితంగా 1959 ఆయుధ చట్టం హక్కుపై కాక అనుమతిపై నిలబడింది.

ఆ చట్టంలోని 13వ సెక్షన్ ఆసక్తికరమైనది. నిజమైన పంట రక్షణ కోసం మూతి నుంచి దట్టించే తుపాకినీ, గుర్తింపు పొందిన రైఫిల్ క్లబ్బు సభ్యుడు గురి అభ్యాసం కోసం వాడే .22 రైఫిల్‌నూ అది ఒకే ఉపసెక్షన్‌లో పక్కపక్కన పెట్టింది. రైతుకు మందు తుపాకి, క్లబ్బు సభ్యునికి తూటా తుపాకి. వలస కాలంలో జాతి ఆధారంగా సాగిన విభజన ఇక్కడ ప్రయోజనం ఆధారంగా మారింది. అయితే రైఫిల్ క్లబ్బు పట్టణ సంస్థ. కొండవార రైతుకు అది సహజంగా అందదు. పైగా 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం వల్ల తుపాకికి లైసెన్సు ఉన్నా, అనుమతి లేకుండా అడవిపందిని చంపడం నేరమే.

నియమావళిలోని వర్గీకరణ ఇంకా స్పష్టంగా మాట్లాడుతుంది. .303, .410 వంటి ప్రభుత్వ తూటాలను పేల్చగల తుపాకులు నియంత్రిత ఆయుధాలు. ఇక్కడ కొలమానం తూటాయే. ఈ నియమాన్ని చింతపల్లి లెక్కతో కలిపి చదివితే దాని తర్కం తేటతెల్లమవుతుంది. తక్కువ వేగపు .22 రిమ్‌ఫైర్ రైఫిల్‌ది దిగువ మెట్టు. అదే .22 సెమీ ఆటోమేటిక్ అయితే నియంత్రిత వర్గంలోకి ఎగబాకుతుంది. దాని అనుమతి జిల్లా స్థాయిని దాటి కేంద్ర హోంమంత్రిత్వశాఖకు చేరుతుంది. పిస్తోళ్లు సెమీ ఆటోమేటిక్ అయినా ఈ నిబంధన నుంచి మినహాయింపు పొందాయి. అందువల్ల చేతిలో దాచుకోగల .22 సెమీ ఆటోమేటిక్ పిస్తోలు కంటే భుజానికి ఆనించే .22 సెమీ ఆటోమేటిక్ రైఫిల్ చట్టం దృష్టిలో పై మెట్టున ఉంది.

తెలుగునేలపై రిమ్‌ఫైర్ ఎక్కడ వర్ధిల్లిందో చూస్తే ఈ మెట్ల ప్రభావం తెలుస్తుంది. హైదరాబాదులో పెరిగిన గగన్ నారంగ్ 2014 గ్లాస్గో కామన్వెల్త్ క్రీడలలో 50 మీటర్ల ప్రోన్ విభాగంలో రజతం గెలిచింది .22 రైఫిల్‌తోనే. 2023లో హాంగ్జౌలో జరిగిన ఆసియా క్రీడలలో హైదరాబాదు యువతి ఈషా సింగ్ 25 మీటర్ల పిస్తోలు విభాగంలో వ్యక్తిగత రజతం, జట్టు స్వర్ణం సాధించింది. ఆ పోటీలో వాడేది .22 రిమ్‌ఫైర్ సెమీ ఆటోమేటిక్ పిస్తోలే. చట్టం తెరిచి ఉంచిన తలుపుల గుండానే ఈ విజయాలు వచ్చాయి.

8. ముగింపు:

ఈ పరిశీలన వల్ల తేలిన అంశాలు:

1. నాటు తుపాకి మన్యంలో నిలదొక్కుకోవడానికి ముఖ్య కారణం దాని సామర్థ్యం కాదు. దాని మందు, గుండు స్థానికంగా సమకూరడమే.

2. 1922 ఠాణా దాడులు తుపాకుల కోసమే కాక తూటాల కోసం కూడా జరిగాయి. ఠాణాలలో దొరకడం ఆగిపోయిన తర్వాత చేతిలో ఉన్న ఆధునిక తుపాకుల విలువ తగ్గుతూ వచ్చింది.

3. స్వతంత్ర భారత చట్టం తూటాను కొలమానంగా స్వీకరించింది. సెమీ ఆటోమేటిక్ రైఫిల్ విషయంలో మాత్రం తూటా బలహీనమైనదైనా యంత్రం వేగాన్నే ప్రమాణంగా తీసుకుంది.

4. రైతుకూ క్రీడాకారునికీ చట్టం వేర్వేరు ఆయుధాలను కేటాయించింది. ఈ విభజనకు ప్రయోజనమే పైకి కనిపించే ఆధారం. ఎవరిని ఎంతవరకు నమ్మవచ్చునన్న పాత ప్రశ్న దాని వెనుక ఇంకా ఉంది.

తుపాకులు అందరికీ అందాలన్నది ఈ వ్యాసం ఆశించే ఫలితం కాదు. ఆయుధ నియంత్రణ సమాజ క్షేమానికి అవసరం. అయితే కొండవార రైతు ఇంట్లో దొరికిన నాటు తుపాకిపై కేసు నమోదైనప్పుడు దాన్ని నేరప్రవృత్తికి గుర్తుగా మాత్రమే చదవడం చరిత్రను విస్మరించడమే అవుతుంది. చట్టబద్ధమైన తూటా తనకు అందని చోట మనిషి తన చేతనైన మందునే నూరుకున్నాడు. పంట రక్షణకు తుపాకి తప్ప మరో మార్గం అతనికి నమ్మకంగా దొరికిన నాడు, ఆ నాటు తుపాకి అవసరమూ తీరుతుంది.