గాజురవ్వల వెండి ఉంగరము

వెండి ఉంగరమున గాజురవ్వ కనబడగానే నకిలీ సరుకని పెదవి విరచుట మనకు అలవాటు. అది కొంత అన్యాయము.

1720వ దశకమున బ్రెజిలులో గనులు బయటపడువరకు ఐరోపాకు వజ్రములు ముఖ్యముగా మన దేశమునుండియే, అందులోను కృష్ణాతీరపు కొల్లూరువంటి గనులనుండి వెళ్లినవి. అవి ఎందరికి అందును? 1724లో పారిస్ చేరిన జార్జి ఫ్రెడరిక్ స్ట్రాస్ సీసము కలిపిన గాజును రవ్వలుగా సానబట్టినాడు. 1734లో రాజుగారి రత్నకారుడైనాడు. గాజని తెలిసియే శ్రీమంతులు ఆ రవ్వలను ధరించినారు. మోసమెక్కడిది? జర్మను భాషలో కృత్రిమ రత్నమునకు ఆయన పేరే నిలిచినది.

గాజు వజ్రమువలె వెలుగును తిప్పి పంపలేదు. అందుకే నాటి పనివారు వెనుక పలుచని లోహపు రేకు పెట్టి, అడుగు మూసి పొదిగిరి. మన కుందనపు పనిలోనూ రేకు కలదు. బంగారమైనచో పసుపుఛాయ రాతిలో కనబడును, కనుక వెండి. నాడు అసలు వజ్రములకును తరచు వెండి పొదుగే!

పాత ఫక్కిలో నేడు చేయు ఉంగరములలో తరచు క్యూబిక్ జిర్కోనియా ఉండును. ఇది 1976లో అంగడికి వచ్చినది. దీనికి రేకు అక్కరలేదు. నిజముగా పాతదే మీ ఇంట ఉన్నచో కుంకుడు రసమున ముంచవద్దు. రేకునకు తడి తగిలిన నల్లబడును. రవ్వ మరి వెలగదు.