మన తీరంలో వనభోజనాలు, వనమహోత్సవాలు

మన కృష్ణా తీరంలో కార్తీకమాసం అనగానే రెండు గుర్తొస్తాయి. ఒకటి వనభోజనాలు, రెండోది తుఫాను. 1864 నవంబరు 1 రాత్రి బందరును ముంచిన ఉప్పెన దీపావళి వెళ్ళిన రెండు రోజులకే వచ్చింది. సుమారు 30,000 మంది పోయారని ఆనాటి లెక్క. 1977 నవంబరు 19, శనివారం దివిసీమ మీద విరుచుకుపడిన ఉప్పెన కూడా కార్తీకంలోనే, పున్నమికి వారం లోపే వచ్చింది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా బంగాళాఖాతంలో వాయుగుండాలు పుట్టే కాలం. మన తీరం దగ్గర సముద్రం లోతు తక్కువ కాబట్టి గాలి నెట్టుకొచ్చిన నీటికి పైకి లేవడం తప్ప దారి ఉండదు. ఆ ఒడ్డున, ఆ నెలలోనే మన పెద్దలు పిల్లాజెల్లాతో తోటలకు బయలుదేరేవారు.

స్వర్ణోత్సవ సంచికకు మన ప్రాంతపు పర్యావరణ కార్యక్రమాల చరిత్ర రాయమని సంఘం మిత్రులు అడిగినప్పుడు నాకు ముందు తట్టింది ఈ సంగతే. మనం చదువుకునే రోజుల్లో పర్యావరణం అన్న మాట పెద్దగా వినబడేది కాదు. ‘కార్యక్రమం’ అంటే పంద్రాగస్టు, గణతంత్ర దినం. అయినా పని జరుగుతూనే ఉండేది, పేర్లే వేరు. కుటుంబాలు చేస్తే వనభోజనం, బడి చేస్తే వనమహోత్సవం, ఊరంతా కదిలితే మాఘ పున్నమికి హంసలదీవి సంగమంలో స్నానం. ఈ మూడింటి వల్లా ఊళ్ళో ప్రతి ఇంటివాళ్ళూ ఏడాదికి ఒకటి రెండుసార్లయినా ఒడ్డుకు వెళ్ళేవారు. ఇసుక దిబ్బ ఎక్కడిదాకా ఉంది, కిందటేడు ఉన్న పాయ ఈ ఏడు ఎటు తిరిగింది, మంచినీళ్ళ చెలమ ఎక్కడ పడుతుంది అన్నవి ఎవరూ నేర్పకుండానే తెలిసేవి.

వనభోజనానికి ఉసిరి చెట్టు ఉండాలన్నది ఆచారం. ఇసుక నేలల్లో ఉసిరి చెట్లెక్కడివి? ఒక కొమ్మ తెచ్చి మామిడి చెట్టు మొదట్లోనో, జీడిమామిడి తోటలోనో పాతి, దానికే పసుపు కుంకుమ పెట్టేవారు. ఎడ్లబండ్ల మీద గంగాళాలు, మోదుగాకు విస్తళ్ళ కట్టలు, నీళ్ళ బిందెలు వచ్చేవి. పులిహోర, దద్దోజనం, గుత్తివంకాయ. తిన్న తర్వాత విస్తళ్ళు పశువులకు పోయేవి, మిగిలింది కాకులకు. మర్నాడు వెళ్ళి చూస్తే పొయ్యి రాళ్ళు, బూడిద తప్ప ఏమీ కనిపించేది కాదు. ఆనాటివాళ్ళు మనకంటే శుభ్రమైనవాళ్ళని నేను అనుకోను. వాళ్ళ చేతుల్లో పారేయడానికి ఏమీ లేదు, అంతే.

అలాగే, ‘ఆ రోజుల్లో అందరం కలిసి తిన్నాం’ అని పూర్వ విద్యార్థుల సభల్లో తరచూ వింటుంటాం. అది పూర్తి నిజం కాదు. ఊరి వనభోజనాల్లో పంక్తులు వేరు. కొన్ని పేటలకు ఆ తోటలోకి పిలుపే ఉండేది కాదు. బడి తరఫున వెళ్ళినవాటిలో మాత్రం హాజరుపట్టీ వరసలో కూర్చున్నాం. ఇవాళ కార్తీకం వస్తే కులం పేరుతో ఫ్లెక్సీలు కట్టి ఎవరి వనభోజనం వాళ్ళు చేసుకుంటున్నారు. పాత జబ్బుకు కొత్త మైకు దొరికింది.

వనమహోత్సవం మాత్రం ప్రభుత్వం తెచ్చిన పండుగ. 1950లో కేంద్ర వ్యవసాయ మంత్రి కె.ఎం. మున్షీ ప్రారంభించారు. జూలైలో, వానలు పడగానే మొక్కలు నాటాలి. దేశమంతటా దీని మీద ఒక హాస్యం ఉంది: ఏటా మంత్రిగారు వస్తారు, ఏటా అదే గుంత. మన దగ్గర ఆ హాస్యం పూర్తిగా చెల్లలేదంటే ఆ ఘనత డ్రిల్లు మాస్టారిది. ఆయన మొక్కకో పిల్లవాడి పేరు రాసి, వేసవి సెలవుల్లో కూడా నీళ్ళు పోయించారు. బోరింగు నీళ్ళు ఉప్పు. అందుకని దిబ్బల పక్కన చెలమ తవ్వి తోడుకొచ్చేవాళ్ళం. సముద్రానికి కూతవేటు దూరంలో తియ్యటి నీళ్ళెలా వస్తాయని అడిగితే, సైన్సు మాస్టారు చెప్పిన జవాబు ఇప్పటికీ పనికొస్తుంది. దిబ్బ మీద పడ్డ వాన ఇసుకలోకి ఇంకుతుంది, ఉప్పునీటి కంటే తేలిక కాబట్టి దాని మీద తేలుతూ నిలుస్తుంది. దిబ్బ తవ్వేస్తే ఆ నీటికి ఇల్లు ఉండదు. తర్వాతి కాలంలో ఇసుక లారీలు తిరిగిన చోట చెలమలు ఉప్పెక్కిపోవడం చూసినవాళ్ళకు ఈ పాఠం మళ్ళీ చెప్పనక్కర్లేదు.

ఆ దిబ్బల మీద పెరిగే రావణాసురుడి మీసాలు మీకు గుర్తుండే ఉంటాయి. ముళ్ళ బంతిలాంటి కాయ గాలికి దొర్లుకుంటూ పోతుంటే ఎవరి బంతి ముందని పందెం కాసేవాళ్ళం. ఆ గడ్డే దిబ్బను పట్టి ఉంచుతుంది. గాలి మోసుకొచ్చిన ఇసుక దాని కుదుళ్ళలో చిక్కుకుని, ఏటా కొంచెం కొంచెంగా దిబ్బ పెరుగుతుంది. మన ఆటవస్తువు, మన గోడ అదే.

1977 గురించి ఈ సంచికలో మరికొందరు రాస్తారు కనుక వివరాల్లోకి వెళ్ళను. సముద్రం దాదాపు 5 మీటర్ల ఎత్తున ఊళ్ళ మీదికి వచ్చింది. చనిపోయినవారు పది వేలకు మించి ఉన్నారు. పాలకాయతిప్ప, సొర్లగొంది, మూలపాలెం లాంటి ఊళ్ళ పేర్లు దేశమంతా తెలిసింది అప్పుడే. బతికినవాళ్ళలో చాలామంది తాటిచెట్లనో, పక్కా కట్టడాలనో పట్టుకుని బతికారు. తీరగ్రామాల్లో పక్కా కట్టడమంటే ఎక్కువగా గుడి, లేదంటే బడి. ఆ తర్వాత కట్టిన తుఫాను షెల్టర్లలో చాలావాటిని మామూలు రోజుల్లో బళ్ళుగా వాడుకున్నది ఇందుకే. ఎత్తయిన స్తంభాలు, గుండ్రటి గోడలు, బయటి నుంచే మేడ మీదికి మెట్లు. మన తర్వాతి తరం పిల్లలు ఎక్కాలు నేర్చింది ఆ గదుల్లో.

ఉప్పెన తర్వాత అటవీశాఖ తీరం పొడవునా సరుగుడు తోటలు వేయించింది. మొక్కలు నాటడానికి బడి పిల్లలూ వెళ్ళారు. నాలుగైదేళ్ళకల్లా ఏపుగా ఎదిగాయి. వనభోజనాలు మామిడి తోటల నుంచి ఆ సరుగుడు నీడకు మారాయి. ఈల వేసినట్టుండే ఆ ఆకుల చప్పుడు వింటూ పెరిగినవాళ్ళు మనలో చాలామంది ఉన్నారు. వాళ్ళకు కొంచెం కష్టంగా ఉన్నా ఒక మాట చెప్పాలి. సరుగుడు మన చెట్టు కాదు. పంతొమ్మిదో శతాబ్దంలో రైలింజన్ల వంటచెరుకు కోసం మద్రాసు తీరంలో పెంచడం మొదలుపెట్టారు. గాలి వేగాన్ని అది తగ్గిస్తుంది, నిజమే. కాని అలల అంచుదాకా నాటితే దిబ్బ మీది గడ్డి, తీగలు దాని కింద బతకవు. రాలిన ఆకు దట్టంగా పరుచుకుని మరేదీ మొలవనివ్వదు. తాబేలు గుడ్లు పెట్టే ఇసుక కూడా తగ్గిపోతుంది. దిబ్బకు వెనకాల, ఊరి వైపు వేస్తే మేలు, ముందు వేస్తే కీడు. నాటిన రోజున ఈ తేడా ఎవరూ అడగలేదు. అప్పటికి కావలసింది ధైర్యం, కంటికి కనిపించే పచ్చటి గోడ. దాన్ని తప్పు పట్టడానికి నాకు నోరు రాదు.

అసలు గోడ వేరే ఉంది. మడ అడవిని మనం చిన్నప్పుడు అడవిగా లెక్కే వేయలేదు. బురద, దోమలు, ఒంటికి తగిలితే మంట పుట్టించే తిల్ల పాలు, అక్కడికి వనభోజనానికి ఎవరెళ్తారు? వంటచెరుకు కోసం కొట్టడానికీ, పీతలు పట్టడానికీ తప్ప. 1999లో ఒడిశా తీరాన్ని మహాతుఫాను కొట్టిన తర్వాత కేంద్రపాడా జిల్లాలో చేసిన అధ్యయనంలో, సముద్రానికీ ఊరికీ మధ్య మడ అడవి ఎంత వెడల్పుగా ఉంటే ఆ ఊళ్ళో చావులు అంత తక్కువగా ఉన్నాయని తేలింది. మన వైపు కోరంగిని 1978లో, కృష్ణా ముఖద్వారంలోని మడను 1989లో అభయారణ్యాలుగా ప్రకటించారు. ప్రకటనతో చెట్టు పెరగదు కదా. కొట్టేసిన మడ నేల కుంగి, నీళ్ళు నిలిచి, ఎండకు ఆవిరై, ఉప్పు పేరుకుపోతుంది. అందులో మొక్క నాటితే చస్తుంది. 1990ల చివర్లో ఎం.ఎస్. స్వామినాథన్ పరిశోధనా సంస్థ, అటవీశాఖ, తీరగ్రామాల కమిటీలు కలిసి చేప ముల్లు ఆకారంలో కాలువలు తవ్వించాయి. పోటు నీరు వచ్చి ఉప్పు కడిగి పోయేలా దారి ఇచ్చాక మడ మళ్ళీ మొలిచింది. నా దృష్టిలో ఈ యాభై ఏళ్ళలో మన తీరంలో జరిగిన ఒక్క అచ్చమైన పర్యావరణ కార్యక్రమం ఇదే. దీనికి బ్యానరు లేదు, మోకాటి లోతు బురదలో దిగిన కూలీలున్నారు.

అదే దశాబ్దంలో రొయ్యల చెరువులూ వచ్చాయి. మనలో కొందరి ఇళ్ళలో దీపం వాటితోనే వెలిగింది కాబట్టి జాగ్రత్తగా చెబుతాను. తీరప్రాంత నియంత్రణ మండలి నిబంధనలు 1991 ఫిబ్రవరి నుంచీ ఉన్నాయి. 1994 ప్రాంతంలో తెల్లమచ్చ తెగులు చెరువుల్ని ఊడ్చేసింది. 1996 డిసెంబరులో సుప్రీంకోర్టు తీరానికి దగ్గరగా ఉన్న చెరువులపై తీర్పు ఇచ్చింది. ఈ మూడూ కలిసినా చెరువు ఆగలేదు, జరిగింది. వనభోజనాలకు వెళ్ళే బాట చాలాచోట్ల రెండు చెరువుల మధ్య గట్టుగా మిగిలింది. తీరానికి పోవడం తగ్గింది అప్పటినుంచే అని నా అంచనా. టీవీ వచ్చిందనీ, పిల్లలకు ట్యూషన్లు వచ్చాయనీ కూడా అంటారు. అవీ ఉండొచ్చు. దారే లేకపోవడం మాత్రం పెద్ద కారణం.

దాని ఫలితం 2004 డిసెంబరు 26న చూశాం. ఆదివారం, పైగా పౌర్ణమి, ఒడ్డున జనం ఉన్న రోజు. సునామీకి మన రాష్ట్రంలో వంద మందికి పైగా పోయారు. సునామీ అన్న మాట మనకు కొత్త, దాన్ని ఎవరూ పసిగట్టలేరు. కాని ఆ సాయంత్రం మా ఇంటికొచ్చిన పూర్వ విద్యార్థుల్లో, తమ ఊరికి సముద్రం వైపు ఇప్పుడు దిబ్బ ఉందో లేదో చెప్పగలిగినవాళ్ళు తక్కువ. వాళ్ళ తాతలు కళ్ళు మూసుకుని చెప్పేవారు.

ఇప్పుడు పరిస్థితి మళ్ళీ కొంత మారుతోంది. 2001లో మొదలైన జాతీయ హరిత దళం కింద బళ్ళలో పర్యావరణ క్లబ్బులు వచ్చాయి. సెప్టెంబరు మూడో శనివారం ప్రపంచమంతటా తీరశుభ్రత దినం జరుగుతుంది. 1986లో అమెరికాలోని టెక్సస్ ఒడ్డున మొదలైన ఈ పద్ధతిలో నాకు నచ్చింది ఏరడం కాదు, రాయడం. ఎన్ని సీసాలు, ఎన్ని సంచులు, ఎన్ని వల ముక్కలు అని చీటీ మీద గుర్తు పెట్టుకోవాలి. 2022 ఆగస్టులో విశాఖ నుంచి భీమిలి దాకా ఒకే ఉదయం వేలమంది బీచి ఊడ్చిన వార్త అందరూ చూశారు. చిన్న బీచిలో చిన్న బడి ఏటా అదే చోట ఏరి లెక్క రాసుకుంటే, పదేళ్ళ తర్వాత ఆ పుస్తకం విలువ ఆ ఫోటోల కంటే ఎక్కువ. మన కార్తీక వనభోజనాల మర్నాడు లెక్క వేసినా చాలు, థర్మాకోల్ పళ్ళేలు, నీళ్ళ ప్యాకెట్లు ఎవరివో తేలిపోతుంది.

ఉపాధ్యాయ మిత్రులకు చిన్న మాట. మన రాష్ట్ర తీరం 974 కిలోమీటర్లని పాఠం చెప్పిన వాళ్ళం మనం. కొత్త కొలతల్లో అది వెయ్యి దాటింది. తీరం పెరగలేదు, వంపుల్ని మరింత దగ్గరగా కొలిచారు.

ఇక మనవలు, మనవరాళ్ళతో రాదలచినవారికి ఆలివ్ రిడ్లే తాబేళ్ళ సంగతి. జనవరి నుంచి మార్చి దాకా తల్లి తాబేళ్ళు రాత్రిపూట ఒడ్డుకొచ్చి ఒక్కో గుంతలో వందకు అటూ ఇటూగా గుడ్లు పెడతాయి. కుక్కలు, నక్కలు తవ్వకుండా అటవీ సిబ్బంది, స్థానిక జాలరి యువకులు వాటిని ఏరి కంచె వేసిన ఇసుకలో పాతిపెడతారు. 45 నుంచి 60 రోజుల్లో పిల్లలు బయటికొస్తాయి. ఇసుక వేడిని బట్టి అవి ఆడవో మగవో అవుతాయి. నాగాయలంక వైపు తీరంలో మార్చి, ఏప్రిల్ నెలల్లో వాటిని సముద్రంలోకి వదులుతారు. ముందుగా అటవీశాఖ వారిని అడిగి, తెల్లవారుజామున చేరుకోవాలి. టార్చిలైట్లు, ఫోను వెలుగులు వద్దు, పిల్ల తాబేలు వెలుగు ఎటుంటే అటు నడుస్తుంది. చేత్తో ఎత్తి నీళ్ళలో వేయకూడదు, ఇసుక మీద దాన్నే నడవనివ్వాలి. మధ్యాహ్నానికి అన్నం మూట, విస్తళ్ళు మీవి మీరే తెచ్చుకోండి, దగ్గర్లో కొట్టు లేదు.