పరాయి ఊరి బొమ్మలు

పాబ్లో పికాసో గురించి ఏ పుస్తకం తెరిచినా ఒకటే వరస కనిపిస్తుంది. 1901 నుంచి 1904 దాకా నీలి దశ, 1906 దాకా గులాబీ దశ, ఆ తర్వాత క్యూబిజం. చదువుకునే పిల్లలకి ఈ వరస బాగానే పనికొస్తుంది. అయితే ఇందులో ఒక సంగతి మరుగున పడిపోతుంది. ఇవన్నీ సొంత దేశం వదిలి పారిస్ చేరిన ఒక పరాయివాడి బతుకులో జరిగాయి. దేశం కాని దేశంలో ఉంటున్న మనకి ఆ సంగతి పట్టాలి.

పికాసో 1881లో స్పెయిన్‌లోని మాలగాలో పుట్టాడు. తండ్రి డ్రాయింగు మాస్టారు. 1900లో కార్లెస్ కాసాజెమాస్ అనే స్నేహితుడితో కలిసి మొదటిసారి పారిస్ వెళ్ళాడు. ఫ్రెంచి సరిగ్గా రాదు. మరుసటి ఏడు ఫిబ్రవరిలో ఆ స్నేహితుడు ప్రేమ విఫలమై, పారిస్‌లోనే తుపాకీతో కాల్చుకుని చనిపోయాడు. ఆ తర్వాతే పికాసో బొమ్మల్లోకి నీలం కమ్ముకొచ్చింది. బిచ్చగాళ్ళు, గుడ్డివాళ్ళు, జైలు ఆడవాళ్ళు వచ్చారు. అదే 1901లో పారిస్ పోలీసులు అతని పేరున ఒక ఫైలు తెరిచి, అరాచకవాది అని రాసి పెట్టుకున్నారు.

1904లో మోమార్త్ర్ కొండమీద ఒక పాత చెక్క భవనంలో స్థిరపడ్డాడు. ప్రేమ, స్నేహాలు, పక్కనే సర్కస్. రంగులు వెచ్చబడ్డాయి.

దశలు గీత గీసినట్టు విడిపోవని చెప్పడానికి ఒక్క బొమ్మ చాలు. పారిస్‌లో ఉంటున్న అమెరికన్ రచయిత్రి గెర్ట్రూడ్ స్టైన్‌ని ఎన్నోసార్లు ఎదురుగా కూర్చోబెట్టి గీశాడు. ముఖం కుదరక చెరిపేశాడు. 1906 వేసవి స్పెయిన్ కొండల్లోని గోసోల్ అనే పల్లెలో గడిపి తిరిగొచ్చి, ఆవిడ ఎదురుగా లేకుండానే ముఖం పూర్తిచేశాడు. అది పాత ఐబీరియా శిల్పాల ముఖంలా, ముసుగులా వచ్చింది. ఒళ్ళు గులాబీ దశది, ముఖం రాబోయేదానిది! న్యూయార్క్‌లో ఉన్నవాళ్ళు మెట్రోపాలిటన్ మ్యూజియంలో చూడొచ్చు. 1907లో గీసిన 'అవిన్యో వనితలు' చూసి దగ్గరి స్నేహితులే బెదిరిపోయారు. అది 1916 దాకా జనం ముందుకి రాలేదు.

బెదిరినా వదలనివాడు జార్జ్ బ్రాక్, ఫ్రెంచివాడు. 1908లో అతని బొమ్మలు చూసి లూయీ వోసెల్ అనే విమర్శకుడు అన్నీ ఘనాలేనని ఎద్దేవా చేశాడు. ఆ ఎద్దేవాయే పేరుగా నిలిచింది. ఆ ప్రదర్శన పెట్టిన వ్యాపారి కాన్‌వైలర్ జర్మనీ నుంచి వచ్చినవాడు.

వీళ్ళు చేసిందేమిటి? బల్లమీద గాజుగ్లాసు అనుకోండి. పైనుంచి చూస్తే అంచు గుండ్రం, పక్కనుంచి చూస్తే గీత. మన చేతికి రెండూ తెలుసు. కంటికి మాత్రం ఒకసారి ఒకటే కనిపిస్తుంది. ఈ చూపులన్నీ ఒకే బొమ్మలో పెట్టడానికి వస్తువుని ముక్కలు చేశారు. రంగు అడ్డురాకుండా గోధుమ, బూడిద రంగులతో సరిపెట్టారు. 1911 నాటికి ఎవరి బొమ్మ ఏదో పోల్చుకోవడం కష్టమైంది. 1912లో పికాసో కుర్చీ అల్లిక అచ్చువేసిన ఆయిల్ క్లాత్ ముక్కని బొమ్మకి అంటించి, చుట్టూ తాడు బిగించాడు. కొన్ని నెలలకి బ్రాక్ గోడ కాగితం అతికించాడు. విడగొట్టడం అయిపోయింది, కూర్చడం మొదలైంది.

1914 ఆగస్టులో యుద్ధం వచ్చింది. పికాసో బ్రాక్‌ని అవిన్యో స్టేషన్‌లో సాగనంపాడు. మరుసటి ఏడు బ్రాక్ తలకి పెద్ద గాయమైంది. కోలుకున్నాడు కానీ ఆ జంట మళ్ళీ కలిసి పనిచేయలేదు. జర్మన్ కావడంతో కాన్‌వైలర్ సరుకుని ప్రభుత్వం శత్రువు ఆస్తిగా జప్తు చేసి, 1921 నుంచి 1923 దాకా నాలుగు దఫాలుగా వేలం వేసింది. వందల కొద్దీ బొమ్మలు చౌకగా చెల్లాచెదురయ్యాయి. క్యూబిజం అంటేనే జర్మన్ సరుకని దేశభక్తులు తిట్టారు.

పికాసో గీస్తూనే ఉన్నాడు, ఒక చేత్తో క్యూబిజం, ఇంకో చేత్తో పాతకాలపు నిండు మనుషులు. 1937లో 'గెర్నికా' గీశాడు. 1940లో ఫ్రెంచి పౌరసత్వానికి దరఖాస్తు పెట్టుకున్నాడు. అప్పటికి ప్రపంచమంతా తెలిసిన మనిషి. అయినా 1901 నాటి ఫైలు బయటికి తీసి కాదన్నారు. 1973లో ఫ్రాన్సులోనే, స్పెయిన్ పౌరుడిగా కన్నుమూశాడు.

వారసులు పన్నుకి బదులుగా వేల బొమ్మలు, శిల్పాలు ఫ్రెంచి ప్రభుత్వానికి ఇచ్చారు. వాటితోనే 1985లో పారిస్‌లో పికాసో మ్యూజియం తెరిచారు. ఆ కుర్చీ అల్లిక బొమ్మ ఇప్పుడు అక్కడే ఉంది. మనిషికి ఇవ్వని పౌరసత్వం బొమ్మలకి దొరికింది.