విహారపు పడవ – దాని శుభ్రత

పడవ యనగానే మన తెలుగువారికి స్ఫురించునవి ఏరు దాటించు రేవు పడవ, గోదావరిపై తిరుగు లాంచీ, సముద్రముపై వేటకు పోవు తెప్ప. ఇవన్నియు జీవనోపాధికై పుట్టిన పడవలు. కేవలము వినోదమునకై పుట్టిన పడవ యొకటి కలదు. కాళ్ళకు పలకలు తొడిగికొని, పడవకు కట్టిన త్రాటి పిడిని పట్టుకొనిన మనుష్యుని అది నీటిమీద నిలువుగా లాగికొనిపోవును. ఆ క్రీడకు నీటి స్కీ యనియు, లాగు పడవకు స్కీ పడవ యనియు పేరు. వీని పుట్టినిల్లు అమెరికా.

ఈ వ్యాసమున మేము చెప్పదలచినది ఆ క్రీడయందలి గెలుపోటముల కథ కాదు. ఆ పడవను కడిగి, తుడిచి, చెడకుండ కాపాడుకొను పని యొక్క చరిత్ర. ఇంత చిన్న పనికి చరిత్ర యేమని కొందరు నవ్వవచ్చును. కాని పడవను కడుగువాడు ఎవరి మేలు కోరి కడుగుచున్నాడను ప్రశ్నకు జవాబు ఈ నూరేండ్లలో మారిపోయినది. ఆ మార్పును గుర్తించుటయే మా ఉద్దేశము.

అమెరికాలోని మిన్నెసోటా, విస్కాన్సిన్ రాష్ట్రముల నడుమ మిసిసిపీ నది యొకచోట వెడల్పై సరస్సువలె నగుపడును. చిప్పెవా యను ఉపనది తెచ్చి పోసిన యిసుక అడ్డుపడుటచే నీరు వెనుకకు నిలిచి యేర్పడిన ఆ జలాశయమునకు పెపిన్ సరస్సని పేరు. దాని యొడ్డున లేక్ సిటీ యను చిన్న పట్టణము కలదు. 1922 వేసవిలో ఆ యూరి యువకుడు రాల్ఫ్ శామ్యూల్‌సన్, మంచుమీద జారగల పలకలుండగా నీటిమీద జారగల పలకలేల యుండరాదని యోచించెను. పీపా చెక్కలు కట్టుకొని చూచెను, మునిగెను. మంచు స్కీలు కట్టుకొని చూచెను, మరల మునిగెను. తుదకు 8 అడుగుల పొడవు, 9 అంగుళముల వెడల్పు గల బల్లలు రెండు తెచ్చి, వాని కొనలను తల్లి బట్టలుడికించు కాగులో నుడికించి పైకి వంచెను. సోదరుడు బెన్ పడవ నడపుచుండగా, పలకల కొనలను నీటిపైకెత్తి వెనుకకు వాలినచో నిలువవచ్చునని జూలై 2వ తేదీన కనుగొనెను. మరునాడు అతనికి 19 ఏండ్లు నిండినవి.

1925లో అతడు నీట సగము మునిగిన ఏటవాలు వేదికకు పందికొవ్వు పూసి, దానిమీదుగా గాలిలోనికి దూకెను. పైపూత నునుపు ఈ క్రీడకు ఎంత ముఖ్యమో ఆదిలోనే ఇట్లు తెలిసివచ్చినది. ఆ యేడే ఫ్రెడ్ వాలర్ అను వేరొకరు నీటి స్కీలకు పేటెంటు పొందిరి. శామ్యూల్‌సన్ పేరు చాలకాలము మరుగున పడియుండెను. 1966లో గాని అమెరికా నీటి స్కీ సంఘము అతనిని ఈ క్రీడకు ఆద్యునిగా అంగీకరింపలేదు.

ఆనాడు స్కీలకని ప్రత్యేకముగా పడవ లేదు. ఉన్న మోటారు పడవయే లాగెడిది; అవన్నియు చెక్క పడవలే. కలిగినవారి పడవలు మహాగని చెక్కతో చేసి, అద్దమువలె మెరయు వార్నిషు పూసినవి. వీనిని పోషించుట పసిబిడ్డను పెంచుటవంటిది. ఉత్తర అమెరికాలో శీతకాలమున సరస్సులు గడ్డకట్టును. అప్పుడు పడవను గట్టెక్కించి కొట్టములో నుంచెడివారు. నెలల తరబడి ఎండిన పలకలు కుదించుకొని సందులు విచ్చుకొనెడివి. వసంతమున నీట దింపిన వెంటనే లోపలికి నీరు ఊరును. అనుభవము లేనివాడు పడవ పాడైనదని బెంబేలెత్తును. తెలిసినవాడు పడవను గట్టున గట్టిగా కట్టి, లోని నీటిని పంపుతో తోడుచు, రెండు మూడు దినములు నాననిచ్చును. చెక్క యుబ్బి తన సందులను తానే మూసికొనును. ఎండకు వదులైన బండిచక్రమును మన రైతులు చెరువులో నానవేసి బిగువు తెచ్చుకొను పద్ధతి వంటిదే యిది.

వార్నిషు పని యింకొక తపస్సు. పూతమీద పూతగా అనేక పూతలు వేయవలెను. ప్రతి రెండు పూతల నడుమ గరుకు కాగితముతో రుద్ది, ధూళి లేకుండ తుడువవలెను. ఈ శ్రమ యంతయు అందమునకే యని తలంపరాదు. వార్నిషు పగిలినచోట నీరు చొచ్చును. నీరు చొచ్చినచోట చెక్క నల్లబడి పుచ్చును. ఇందొక విచిత్రము కలదు. చెక్కను పుచ్చించు బూజునకు ఉప్పునీరు గిట్టదు. వానకురిసి పడవ యడుగున నిలిచిన మంచినీరే దానికి ప్రియము. కనుకనే అడుగున నీటిచుక్క నిలువనీయక, గాలి యాడునట్లు బల్లలెత్తి యుంచుట చెక్క పడవ యజమాని మొదటి ధర్మమైనది.

అడుగును శుభ్రముగా నుంచుటకు మరియొక కారణము ప్రాణభయము. పెట్రోలు ఆవిరి గాలికంటె బరువైనది. ఇంజను నుండి కారిన పెట్రోలు ఆవిరియై పడవ యడుగున పేరుకొనును. ఒక్క నిప్పురవ్వ చాలును. 1940లో అమెరికా ప్రభుత్వము చేసిన మోటారు పడవల చట్టము, ఆ పిమ్మట కట్టిన పెట్రోలు పడవలలో గాలి పోవు మార్గములుండి తీరవలెనని శాసించెను. ఇంజను నడపుటకు ముందు మూత తెరచి వాసన చూచి, గాలిపంకను కొన్ని నిమిషములు త్రిప్పి, ఆ పిదపనే తాళము త్రిప్పవలెనను నియమము నేటికిని చెల్లుచున్నది.

ఇంజను విషయమును ఇక్కడనే ముగింతుము. ఈ పడవలలో పెక్కింటి ఇంజను సరస్సు నీటినే లోనికి తీసికొని చల్లబడును. ఆ నీటిని తోడు పంపులో రబ్బరు చక్రమొకటి కలదు. నీరు లేకుండ ఇంజనును నడపినచో అది కొలది సేపటిలో కాలి ముక్కలగును. శీతకాలమునకు ముందు లోని నీటిని బొత్తిగా వంపివేయనిచో, గడ్డకట్టునప్పుడు నీరు తన ఘనపరిమాణమున సుమారు నూటికి 9 వంతులు పెరిగి, పోత ఇనుమును సైతము పగులగొట్టును. వేయి మైళ్ళు తిరిగి చెడని ఇంజను, ఒక్క చలిరాత్రి ఊరక యుండి చెడుట పడవలవారికి తెలిసిన సంగతియే.

క్రీడ క్రమముగా దక్షిణమునకు వ్యాపించెను. ఫ్లోరిడా రాష్ట్రమున 1936లో తెరచిన సైప్రస్ గార్డెన్స్ అను ఉద్యానమున, రెండవ ప్రపంచ యుద్ధకాలమున సైనికుల వినోదమునకై నీటి స్కీ ప్రదర్శనములు మొదలిడి, పిమ్మట జగత్ప్రసిద్ధములైనవి. ఆ ప్రాంతముననే 1925లో వాల్టర్ మెలూన్ స్థాపించిన కరెక్ట్ క్రాఫ్ట్ అను పడవల సంస్థ, 1945లో రైన్ నదిని దాటు సైన్యముకొరకు సుమారు 400 పడవలను కొలది వారములలో కట్టి యిచ్చి పేరు గాంచెను. అచట మంచు బాధ లేదు. ఏడాది పొడుగున ఎండయు తడియు మాత్రము కలవు. చెక్క పడవకు విశ్రాంతి యనునది లేకపోయినది.

ఇంతలో గాజునూలు, జిగురు రసాయనము కలిపి పోతపోసిన పడవలు వచ్చినవి. వీనికే ఫైబర్ గ్లాస్ పడవలని పేరు. 1942లో ఒహాయో రాష్ట్రమున రే గ్రీన్ అను నిర్మాత ఇట్టి చిన్న పడవను చేసెను. 1961లో, స్కీ శిక్షణాలయమును నడపుచుండిన లియో బెంట్జ్ రూపొందించిన స్కీ నాటీక్ అను ఫైబర్ గ్లాస్ పడవను కరెక్ట్ క్రాఫ్ట్ వారు చేపట్టిరి. స్కీకే ప్రత్యేకించిన పడవలలో అది ప్రసిద్ధమైనది. దీని గొప్ప వేగము కాదు. వెనుక లేచు అల చిన్నదిగా నుండుట. అల పెద్దదైనచో దానిని దాటు క్రీడాకారుడు తూలును. నేటి పోటీలలో పడవ పురుషులకు గంటకు 58, స్త్రీలకు 55 కిలోమీటర్ల గరిష్ఠ వేగమున తప్పక నడువగా, ఆటగాడు ఆరు బుడగలను అటునిటు చుట్టి రావలెను. ఆ వేళ పడవ యడుగున నిలిచిన నీటి బరువైనను, అడుగుభాగమునకు పట్టిన నాచైనను పడవ నడకను, వెనుక అలను మార్చివేయును. కనుక స్కీ పడవకు శుభ్రత ఆటలో భాగమే యయ్యెను.

ఫైబర్ గ్లాస్ వచ్చిన క్రొత్తలో, ఇక పడవకు సేవ యక్కరలేదను నమ్మకము ప్రబలెను. అది పొరపాటు. దానిపై మెరయునది జెల్‌కోట్ అను పూత. మందము సుమారు అర మిల్లీమీటరు. ఎండకు అది వెలిసి సున్నము రాచిన గోడవలె నగును. రాపిడి ముద్దతో రుద్దినచో మెరుపు మరల వచ్చును గాని, రుద్దినప్పుడెల్ల పూత కొంత అరిగిపోవును. కనుక వెలసిన పిదప రుద్దుటకంటె, వెలయకముందే మైనము పూసి నీడన కప్పి యుంచుట మేలు. ఇందుకు వాడు మైనములలో బ్రెజిల్ దేశపు తాటిజాతి చెట్టు ఆకులనుండి తీయు కర్నూబా మైనము ప్రసిద్ధము.

అంతకంటె పెద్ద మోసము లోపల జరిగెను. పైకి గాజే యైనను, పాత పడవలలో అడుగున బలమిచ్చు దూలములు చెక్కవే. మేకు కొట్టిన రంధ్రముగుండ నీరు దిగి, చెక్క లోలోపల పుచ్చెడిది. పైన తళతళ, లోన డొల్ల. అట్టి పడవలను విప్పి చెక్క తీసి మరల కట్టించుకొనినవారు అనేకులు. తరువాతి నిర్మాతలు ఆ చెక్కను క్రమముగా మానివేసిరి. మెరుపే శుభ్రత కాదను పాఠమును ఫైబర్ గ్లాస్ యుగము ఇట్లు నేర్పెను.

పడవ యడుగున పెరుగు జీవుల సమస్య ఇంతకంటె ప్రాచీనము. 1761లో బ్రిటిషు నౌకాదళము అలారం అను యుద్ధనౌక యడుగునకు రాగి రేకులు తొడిగెను. పిమ్మట విషము కలిపిన రంగులు వచ్చినవి. వానిలో తగరపు సమ్మేళనము కలిపిన రంగు మిక్కిలి పనిచేసెను. అంతకంతకు కీడును చేసెను. ఫ్రాన్సులోని ఆర్కషాన్ అఖాతమున ముత్యపుచిప్ప జాతి జీవులు వికారమై పెంపకము నాశనము కాగా, 1982లో ఆ దేశము చిన్న పడవలకు దానిని నిషేధించెను. 1988లో అమెరికాయు కట్టడి చేసెను. అంతర్జాతీయ నిషేధము 2008లో అమలునకు వచ్చినది. పడవను శుభ్రపరచుట నీటిని విషమయము చేయుట కారాదని లోకము అప్పుడు గ్రహించెను.

స్కీ పడవలకు ఆ రంగుల అవసరము అంతగా లేదు. ఆట ముగియగానే వానిని చక్రముల బండిపై కెక్కించి ఇంటికి తీసికొనిపోవుదురు. పడవకు ఇది గొప్ప రక్ష. కాని ఆ బండియే క్రొత్త ప్రమాదమునకు వాహనమైనది. 1988లో అమెరికా, కెనడాల నడుమ సెయింట్ క్లెయిర్ సరస్సున జీబ్రా చారల చిన్న ఆల్చిప్ప కనబడెను. నల్లసముద్ర, కాస్పియన్ ప్రాంతములకు చెందిన ఈ జీవి ఓడల నిలువ నీటిలో వచ్చినదని శాస్త్రజ్ఞుల నిర్ణయము. అది రాతికి, చెక్కకు, ఇనుమునకు, తోటి ఆల్చిప్పల వీపునకు అంటుకొని గుత్తులుగా పెరుగును. నీటి గొట్టములను మూయును. స్థానిక ఆల్చిప్పలను ఊపిరాడక చంపును. 1991 నాటికి మిసిసిపీ నదిని చేరెను. స్కీ పుట్టిన పెపిన్ సరస్సు సైతము దాని పాలబడెను. దాని బంధువైన క్వాగా ఆల్చిప్ప 2007లో నెవాడా, ఆరిజోనాల నడుమ మీడ్ జలాశయమున బయటపడెను. సరస్సునకు సరస్సునకు నదీమార్గము లేనిచోట వీనిని మోయు వాహనములలో విహారపు పడవలు ముఖ్యములు. పిల్ల జీవి కంటి కగపడదు. అడుగున మిగిలిన చెంబెడు నీరు దానికి చాలును. అల పెద్దదగుటకై కావలెననియే వందల లీటర్ల నీటిని నింపుకొను నేటి పడవలలో ఈ ముప్పు మరింత హెచ్చు.

ఇది యెక్కడనో జరిగిన కథ యనుకొనుటకు వీలులేదు. ఈ కుటుంబమునకే చెందిన నల్లచారల ఆల్చిప్ప, అమెరికా ఖండపు వెచ్చని తీరములనుండి వచ్చి, 1967లో మన విశాఖపట్టణపు రేవున కనుగొనబడెను. ఆ జీవియే 1999లో ఆస్ట్రేలియాలోని డార్విన్ నగర విహార నౌకల రేవులలో కనబడగా, అచటివారు రేవుల ద్వారములు మూసి, నీటిలో క్లోరిన్ మందును మైలుతుత్తమును కలిపి కొలది వారములలో దానిని నిర్మూలించిరి. లోపలి చేపలు మొదలగు ఇతర జీవులును దానితో పాటు నశించినవి. ఒక్క పడవ యడుగును సకాలమున గీకకపోయినచో చెల్లింపవలసిన వెల అంతటిది.

కనుకనే మిన్నెసోటాలో నేడు పడవను రోడ్డుపై తీసికొనిపోవునప్పుడు అడుగు బిరడా తీసియే యుంచవలెనని చట్టము. పడవకును బండికిని అంటిన నాచును తీసివేయవలెను; నీటిని సరస్సు ప్రక్కనే వంపివేయవలెను; వేరొక సరస్సున దింపుటకు ముందు కనీసము 5 దినములు ఎండబెట్టుమనియు, లేదా మిక్కిలి వేడినీటితో కడుగుమనియు అధికారులు హితవు చెప్పుదురు. 140 డిగ్రీల ఫారన్‌హీట్ వేడిగల నీరు 10 సెకనులు తగిలిన చాలునట. సబ్బుతో కడుగుట ఒడ్డున గాక, ఆ నీరు సరస్సులోనికి పోని చోట చేయుట మర్యాద.

నూరేండ్లలో వచ్చిన మార్పు ఇది. నాటి చెక్క పడవ యజమాని తన పడవ ఎండిపోవునేమో యని భయపడి దానిని నీట నాననిచ్చెడివాడు. నేటి యజమాని తన పడవలో తడి మిగులునేమో యని దానిని ఎండబెట్టుచున్నాడు. మొదటివాడు కాపాడినది తన పడవను. రెండవవాడు కాపాడుచున్నది తనది కాని సరస్సును. పనిముట్లు మాత్రము నాటికిని నేటికిని అవియే: ఒక గుడ్డ, ఒక బకెట్టు, అడుగున బిరడా తీయుటకు వంగు నడుము.